మన ఎమ్మెల్యే, ఎంపీ చదువుల విషయంలో సభలో ఏం చేశారో వెతకడం ఎలా?

ఫలానా విద్యా బిల్లుకు మీ ఎమ్మెల్యే ఓటేశారా లేదా అని ఎవరైనా అడిగితే చాలాసార్లు జవాబు దొరకదు. దాన్ని ఎవరూ రాసిపెట్టరు మరి. శాసనసభలో స్పీకర్ బిల్లును సభ ముందు పెడతారు, అనుకూలంగా ఉన్నవాళ్లు అవును అంటారు, లేనివాళ్లు కాదు అంటారు, గొంతు ఎటు ఎక్కువుంటే బిల్లు అటు. దీన్నే మూజువాణి ఓటు అంటారు. ఇందులో ఎవరి పేరూ ఉండదు.

అయినా వెతకడం మానుకోవాల్సిన పని లేదు. ఓటు పార్టీది, నోరు సభ్యుడిది. ఏ విషయానికి నోరు విప్పారు, దేనికి మౌనంగా కూర్చున్నారు అన్నది రికార్డులో దొరుకుతుంది. ఒక ఆదివారం పూట ఖాళీ చేసుకోండి. ఫోను, ఒక నోటుబుక్కు ఉంటే చాలు. కంప్యూటర్ ఉంటే ఇంకా నయం, పీడీఎఫ్‌లు ఫోన్లో చదవాలంటే కళ్లు పోతాయి.

1. ముందు మీ ప్రతినిధులెవరో తేల్చుకోండి

ఇదేం పెద్ద విషయం అనుకోకండి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు విడిపోయాయి గానీ నియోజకవర్గాలు పాతవే. రాప్తాడు అనంతపురానికి ఆనుకునే ఉంది, అక్కడివాళ్ల ఎంపీ మాత్రం హిందూపురం ఎంపీ. కల్లూరు కర్నూలు టౌన్లో ఎప్పుడో కలిసిపోయింది, అయినా అది పాణ్యం నియోజకవర్గం, ఎంపీ నంద్యాల ఎంపీ. ఊరి పేరు చూసి ఎంపీని అనుకుంటే వేరేవాళ్ల రికార్డు తిరగేస్తూ కూర్చుంటారు.

ఎమ్మెల్యే, ఎంపీ కాక మన రాయలసీమవాళ్లకు ఇంకో ఇద్దరున్నారు. వాళ్లను చాలామంది మర్చిపోతారు. శాసన మండలిలో మొత్తం 58 మంది సభ్యుల్లో ఐదుగురు పట్టభద్రుల నుంచి, ఐదుగురు ఉపాధ్యాయుల నుంచి వస్తారు. పశ్చిమ రాయలసీమ పేరుతో ఉన్న పట్టభద్రుల స్థానం, ఉపాధ్యాయుల స్థానం రెండూ ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప జిల్లాలవే. చదువుల గురించి అడగడానికే పంపినట్టున్న మనిషి ఉపాధ్యాయ ఎమ్మెల్సీ. కాబట్టి నన్నడిగితే వెతుకులాట ఆయనతోనే మొదలుపెట్టమంటాను. హైస్కూలు, ఆపై స్థాయి టీచర్లకే ఈ ఎన్నికలో ఓటు ఉంటుంది, ప్రాథమిక బడి టీచర్లకు లేదు. ఆయన ప్రసంగాలు చదివేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. బదిలీలు, పీఆర్సీ గురించి ఎంత మాట్లాడారు, ఒకటో తరగతి పిల్లల గురించి ఎంత మాట్లాడారు అన్న తేడా కనిపించవచ్చు.

2. ఒక్క అంశమే పట్టుకోండి

“విద్య” అని వెతికితే సముద్రం. మీకు కళ్లెదుట కనిపించేది ఒకటి ఎంచుకోండి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు అయితే వలసలు. పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపో తెలంగాణకో పోయే కుటుంబాలతో పిల్లలూ పోతారు, హాజరు పట్టీలో నెలల తరబడి గైర్హాజరు పడుతుంది. ఆ పిల్లల కోసమే సీజనల్ హాస్టళ్లు పెట్టారు. అవి ఎప్పుడు తెరిచారు, ఎంతమంది ఉన్నారు అనేది మంచి ప్రశ్న. రాయదుర్గం, మడకశిర సరిహద్దు అయితే కన్నడ మీడియం బడుల్లో టీచర్లు. కడప, కర్నూలు పాతబస్తీల్లో ఉర్దూ మీడియం. అనంతపురం అయితే జంతలూరు దగ్గరి కేంద్రీయ విశ్వవిద్యాలయం. ఒక అంశం, ఒక సభ్యుడు, ఐదేళ్లు. మొదటిసారికి ఇంతే.

3. అది బిల్లా, జీవోనా, బడ్జెట్టా?

జనం ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. చదువుల మీద పెద్ద నిర్ణయాలు చాలావరకు ఓటింగుకే రావు. జాతీయ విద్యా విధానానికి మీ ఎంపీ ఓటేశారా అని ఎంత వెతికినా దొరకదు, 2020 జులై 29న దాన్ని ఆమోదించింది కేంద్ర కేబినెట్. అమ్మఒడి గానీ తర్వాత వచ్చిన తల్లికి వందనం గానీ ప్రభుత్వ ఉత్తర్వులతో, బడ్జెట్ డబ్బుతో నడిచిన పథకాలు. “అమ్మఒడికి వ్యతిరేకంగా ఓటేశాడు” అనో “తల్లికి వందనానికి ఓటేశాడు” అనో వాట్సాప్‌లో ఎవరైనా తిప్పితే, ఏ తేదీన, ఏ బిల్లు మీద అని అడగండి. సాధారణంగా అక్కడితో మాట ఆగిపోతుంది.

జీవో అయితే ప్రభుత్వ జీవోల వెబ్‌సైట్ చూడాలి. 2021 ఆగస్టు నుంచి కొంతకాలం జీవోలు అందులో పెట్టడం మానేశారు, 2024లో మళ్లీ మొదలుపెట్టారు. మధ్యలోవి కనిపించకపోతే మీ వెతుకులాటలో తప్పు లేదు.

బడ్జెట్ అయితే పద్దుల మీద, అంటే శాఖల వారీ ఖర్చుల మీద, చర్చ చూడాలి. పాఠశాల విద్య, ఉన్నత విద్య పద్దులు సభ ముందుకొచ్చిన రోజు మీ ఎమ్మెల్యే మాట్లాడారా అన్నదే అసలు పరీక్ష. ప్రతిపక్షంలో ఉంటే, ఆ పద్దులో డబ్బు తగ్గించాలనే కోత తీర్మానం ఇచ్చారా అని కూడా చూడండి. చివర్లో ద్రవ్య వినిమయ బిల్లు మొత్తంగా పాసవుతుంది. దానికి అవును అన్నంత మాత్రాన బడులకు ఏదో చేసినట్టు కాదు, అందులో రోడ్లు, జీతాలు, అప్పుల వడ్డీలు అన్నీ ఉంటాయి.

4. పేర్లతో ఓటు పడ్డచోట ఆ జాబితా చూడండి

పార్లమెంటులో ఎవరైనా డివిజన్ అడిగితే పేర్లతో సహా ఓటు నమోదవుతుంది. రాజ్యాంగ సవరణ బిల్లులకు డివిజన్ తప్పనిసరి, ఎందుకంటే మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు ఒప్పుకున్నారని లెక్క తేలాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు చదువుల్లో, ఉద్యోగాల్లో 10 శాతం రిజర్వేషన్ తెచ్చిన 103వ రాజ్యాంగ సవరణ 2019 జనవరి 8న లోక్‌సభలో 323–3 తేడాతో పాసైంది. మీది కడప అనుకోండి. ఆరోజు చర్చల ప్రతి తెరిచి అవును జాబితాలో మీ ఎంపీ పేరు వెతుకుతారు, ఉండదు. కాదు జాబితాలోనూ ఉండదు. “చూశారా, సభకే రాలేదు” అని పోస్టు పెట్టేస్తే పప్పులో కాలేసినట్టే. ఆరోజుకు కడప, రాజంపేట సీట్లు ఖాళీ. ప్రత్యేక హోదా కోసం రాజీనామా చేసిన ఐదుగురు ఎంపీల్లో ఈ రెండు స్థానాలవాళ్లూ ఉన్నారు, 2018 జూన్‌లో ఆ రాజీనామాలు ఆమోదం పొందాయి. ఉపఎన్నిక జరగలేదు. పేరు కనిపించనప్పుడు ముందు అడగాల్సింది ఆ తేదీన ఆ సీట్లో మనిషి ఉన్నారా అని.

లోక్‌సభ వెబ్‌సైట్ సన్సద్ డాట్ ఇన్‌లో చర్చల విభాగానికి పోయి, లోక్‌సభ సంఖ్య, సమావేశం, తేదీ ఎంచుకుంటే ఆరోజు ప్రతి దొరుకుతుంది. ఓటింగు జాబితా బిల్లు చర్చ చివర ఉంటుంది, పైనుంచి చదువుకుంటూ పోతే సాయంత్రమైపోతుంది కాబట్టి కింది నుంచి మొదలుపెట్టండి. కొన్ని పేర్ల దగ్గర నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. అది మెషీన్లో బటన్ సరిగ్గా పడక, చీటీ రాసిచ్చి ఓటు సరిచేసుకున్నవాళ్లది. ఈ చీటీల వల్లే సభలో అప్పటికప్పుడు ప్రకటించే లెక్కకు “సవరణలకు లోబడి” అన్న మాట తగిలిస్తారు. మర్నాటి పేపర్లో వేసిన అంకెకూ రికార్డుకూ ఒకటి రెండు తేడా వస్తే కంగారు పడొద్దు, రికార్డునే తీసుకోండి.

విప్, అంటే ఇలాగే ఓటేయాలని పార్టీ ఇచ్చే ఆదేశం, సంగతి కూడా మనసులో ఉండాలి. 1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ విప్‌కు ఎదురు ఓటేస్తే, 15 రోజుల్లోపు పార్టీ క్షమించకపోతే, సభ్యత్వమే పోవచ్చు. కాబట్టి “మా ఎంపీ ధైర్యంగా ఓటేశారు” అన్నా, “పిరికిగా ఓటేశారు” అన్నా అందులో ఆయన సొంతం తక్కువే. ఓటును పార్టీ ఖాతాలో రాసుకోండి.

5. అసెంబ్లీలో ఒక బిల్లు నడక ఎలా పట్టుకోవాలి

ప్రభుత్వ బడులను ఇంగ్లిషు మీడియంలోకి మార్చాలన్న గొడవ తీసుకుందాం, అందరికీ గుర్తున్నదే. మొదట 2019 నవంబర్ 5న 81వ నంబరు జీవో వచ్చింది. అదే నెల 20న 85వ నంబరు జీవో. డిసెంబర్‌లో విద్యా చట్ట సవరణ బిల్లు అసెంబ్లీలో పాసైంది. మండలి దాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోలేదు. 2020 జనవరి 23న అసెంబ్లీ మళ్లీ పాస్ చేసింది. మండలి ఎంత అడ్డుపడినా ఆలస్యమే గానీ ఆపే అధికారం దానికి లేదు. ఆ తర్వాత 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ రెండు జీవోలనూ కొట్టేసింది.

ఇందులో మీ ఎమ్మెల్యే పాత్ర చూడాలంటే తేదీలు నాలుగైదున్నాయి. డిసెంబర్ చర్చలో మాట్లాడారా? ఏమన్నారు? జనవరి 23న సభలో ఉన్నారా, బయటికి వెళ్లారా? మీరు చూస్తున్నది ఎమ్మెల్సీని అయితే మండలి చర్చ చదవాలి, అక్కడ సవరణ ప్రతిపాదించినవాళ్ల పేర్లు ఉంటాయి. సవరణ ఇచ్చిన పేరు మూజువాణి గోలలో కలిసిపోదు, అచ్చులో ఉంటుంది.

చర్చల ప్రతులు శాసనసభ వెబ్‌సైట్లో తేదీల వారీగా ఉంటాయి. కొన్ని స్కాన్ చేసిన పేజీలు, పేరు కొట్టి వెతికితే ఏమీ రాదు. అప్పుడు ఆరోజు విషయసూచిక పేజీ చూసి, బిల్లు పేరున్న పేజీ నంబరుకు నేరుగా పోవడమే మార్గం. ఇంటిపేరు పొడి అక్షరాలతో రాస్తారు, కాబట్టి మీకు తెలిసిన పిలుపు పేరుతో వెతక్కండి.

6. ప్రశ్నలు, జవాబులు: అసలు సరుకు ఇక్కడుంది

నాకు ఒక్క గంటే టైముందంటే మిగతావన్నీ వదిలేసి ప్రశ్నోత్తరాలే చదువుతాను. స్టార్ గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. స్టార్ లేనిదానికి రాతపూర్వక జవాబు వస్తుంది. లోక్‌సభలో రోజుకు 20 స్టార్ ప్రశ్నలు, 230 స్టార్ లేనివి.

జవాబును మూడు సార్లు చదవండి. మన అసెంబ్లీ ప్రశ్నలు అ, ఆ, ఇ అని ముక్కలుగా ఉంటాయి. (అ)కి “లేదండీ” అని వస్తే (ఆ), (ఇ)లకు “ప్రశ్న ఉత్పన్నం కాదు” అని వచ్చేస్తుంది. అంటే మొదటి ముక్క సరిగ్గా అడగకపోతే ప్రశ్న మొత్తం ఒక్క మాటతో కూలిపోతుంది. “ఫలానా మండలంలో టీచర్ల కొరత ఉన్న మాట వాస్తవమేనా?” అని అడిగితే లేదండీ అనేయొచ్చు. “మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని?” అని అడిగితే అంకె ఇవ్వక తప్పదు. హోంవర్క్ చేసి అడిగిన సభ్యుడికీ, పీఏ రాసిచ్చిన కాగితం మీద సంతకం పెట్టిన సభ్యుడికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

“పరిశీలనలో ఉంది” అన్న జవాబు కనిపిస్తే దాని కింద గీత గీసుకోండి. ఏడాది తర్వాత అదే సభ్యుడు మళ్లీ అడిగారా అని చూడండి. లోక్‌సభలో మంత్రి ఇచ్చిన హామీ మూడు నెలల్లో నెరవేర్చాలి, దాని మీద ప్రత్యేకంగా హామీల కమిటీ ఉంది. వెంటపడని ప్రశ్న నా లెక్కలో సగం ప్రశ్నే.

అంకెలతో మోసపోకండి. ఎంపీల హాజరు, ప్రశ్నలు, చర్చలు పీఆర్ఎస్ అనే పరిశోధన సంస్థ వెబ్‌సైట్లో ఒక్కచోట దొరుకుతాయి, పక్కనే రాష్ట్ర సగటు, దేశ సగటు కూడా ఇస్తారు. చాలా ఉపయోగం. కానీ ఒకే ప్రశ్న కింద నలుగురైదుగురి పేర్లు కలిసి ఉండటం మామూలే, 300 ప్రశ్నలు అని కనిపిస్తే అందులో తన నియోజకవర్గం పేరున్నవి ఎన్నో విడిగా లెక్కపెట్టండి. మంత్రులు ప్రశ్నలు వేయరు, హాజరు పట్టీలో సంతకమూ పెట్టరు, కాబట్టి మీ ఎంపీ మంత్రి అయితే సున్నా చూసి నిందించకండి. ప్రైవేటు బిల్లు (మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టేది) పెట్టానని ఫ్లెక్సీ వేస్తే సంతోషించండి గానీ, పార్లమెంటులో 1970 తర్వాత ఒక్క ప్రైవేటు బిల్లూ చట్టం కాలేదని కూడా తెలిసి ఉండండి.

ఫలితం వచ్చిన చోట ముందు ప్రశ్నలు ఉన్నాయా అని వెనక్కి వెళ్లి చూడటం మంచి సాధన. కర్నూలు ట్రిపుల్ ఐటీకి చట్టబద్ధత 2017 సవరణతో వచ్చింది. అనంతపురం కేంద్రీయ విశ్వవిద్యాలయం 2014 విభజన చట్టంలో రాసిన హామీ, చట్టం మాత్రం 2019లో పాసైంది. ఐదేళ్లు ఎందుకు పట్టింది, ఆ మధ్యలో సీమ ఎంపీల్లో ఎవరు ఎన్నిసార్లు అడిగారు అన్నది ఒక పూటలో తేలే పని. క్రెడిట్ మాదంటే మాదనేవాళ్లకు ఆ జాబితా చూపించొచ్చు.

7. హాజరు

సభకే పోకపోతే ఓటేంది, ప్రశ్నేంది? మన రాష్ట్రంలో ఇది ఒక్క పార్టీ రోగం కాదు. 2017 నవంబర్ నుంచి అప్పటి ప్రతిపక్షం సభను బహిష్కరించింది. 2021 నవంబర్‌లో అప్పటి ప్రతిపక్ష నేత సభలోంచి వెళ్లిపోయారు. 2024 తర్వాతి ప్రతిపక్షమూ ఎక్కువగా బయటే ఉంది. కారణాలు ఎవరివి వాళ్లకున్నాయి. మీ నోటుబుక్కులో మాత్రం “సభలో లేరు” అని రాసి, పక్కన “బహిష్కరణ” అనో “సొంత గైర్హాజరు” అనో వేరుగా రాయండి.

8. వెబ్‌సైట్లో లేనిది సమాచార హక్కుతో

దరఖాస్తు తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. కోర్టు ఫీ స్టాంపు అంటించినా చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు.

ఏ కార్యాలయానికి రాయాలన్నది ముఖ్యం. సభ రికార్డులకు వెలగపూడిలోని శాసనసభ సచివాలయం. ఎంపీ నిధులకు జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి, అంటే సీపీవో కార్యాలయం. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి, అందులో బడుల గదులకు, ల్యాబులకు, ప్రహరీలకు ఎంత సిఫారసు చేశారని ఏడాదుల వారీగా అడగండి. ఇంకో మంచి కాగితం దిశ కమిటీ మినిట్స్. సమగ్ర శిక్ష, మధ్యాహ్న భోజనం లాంటి కేంద్ర పథకాలను జిల్లాలో సమీక్షించే ఈ కమిటీకి ఎంపీ అధ్యక్షుడు, కలెక్టర్ సభ్య కార్యదర్శి. మూడు నెలలకోసారి జరగాలి. జరిగిందా, జరిగితే బడుల గురించి ఏం మాట్లాడారు అన్నది మినిట్స్‌లో ఉంటుంది. ఢిల్లీలో ఏం చేశారో తెలియకపోయినా కలెక్టరేట్‌లో ఏం చేశారో దీంతో తెలుస్తుంది.

“మా ఎమ్మెల్యే విద్యకు ఏం చేశారు?” అని మాత్రం రాయకండి. సమాచార హక్కు కింద కాగితాలు ఇస్తారు, అభిప్రాయాలు ఇవ్వరు.

9. రాసుకోవడం, పంచుకోవడం

పేజీకి ఐదు గళ్లు చాలు: తేదీ, అంశం, ఏం చేశారు, జవాబేంటి, ఏ పేజీలో దొరికింది. చివరి గడి నింపని వరుసను ఎక్కడా పంచుకోవద్దు. ఎన్నికలప్పుడు స్క్రీన్‌షాట్లు ఎన్నో తిరుగుతాయి, పేజీ నంబరున్నది మాత్రమే వాదనలో నిలబడుతుంది. మీకు నచ్చిన పార్టీ మనిషికీ నచ్చని పార్టీ మనిషికీ ఒకే అంశం మీద రెండు పేజీలు పక్కపక్కనే చేయండి. ఇది చేశాక మీ వాట్సాప్ గ్రూపులో కొందరు మీతో మాట్లాడకపోవచ్చు. టెన్షన్ పడకండి.

10. ఖాళీ కనిపించిన చోట ప్రశ్న మీరే రాసివ్వండి

ఐదేళ్లలో మీ అంశం మీద ఒక్క ప్రశ్నా లేకపోతే, తిట్టుకుంటూ కూర్చునే బదులు తయారుచేసిన ప్రశ్న పట్టుకుని క్యాంపు ఆఫీసుకు పోండి. “మా ఊరి బడి చూడండి సార్” అన్న అర్జీ కట్టల్లో కలిసిపోతుంది. సభలో పెట్టడానికి సిద్ధంగా ఉన్న ప్రశ్న ఇస్తే పీఏకు పని తగ్గుతుంది, అందుకే తీసుకుంటారు. ఇలా రాయొచ్చు:

“విద్యాశాఖ మంత్రివర్యులు దయచేసి ఈ క్రింది విషయములు తెలుపుదురా: (అ) ఆదోని, కోసిగి, మంత్రాలయం మండలాల్లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు మంజూరైన గణితం, ఇంగ్లిషు ఉపాధ్యాయ పోస్టులెన్ని, వాటిలో ఖాళీలెన్ని, (ఆ) గత మూడేళ్లలో ఈ మండలాల్లో సీజనల్ హాస్టళ్లు ఏ తేదీన తెరిచారు, ఏ తేదీన మూశారు, ఎంతమంది పిల్లలు చేరారు, (ఇ) వలస మొదలయ్యే లోపే వాటిని తెరవడానికి తీసుకుంటున్న చర్యలేమిటి?”

చూడండి, (అ)కి లేదండీ అని చెప్పే వీలు లేదు. సమావేశాల తేదీలు రావడానికి ముందే ఇవ్వాలి, లోక్‌సభలో అయితే ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి. అదే ప్రశ్న నకలు ఉపాధ్యాయ ఎమ్మెల్సీకి, పట్టభద్రుల ఎమ్మెల్సీకి కూడా ఇవ్వండి, ముగ్గురిలో ఎవరడిగినా మంత్రి జవాబు ఒకటే. మీ దగ్గరుంచుకునే కాపీ మీద పీఏతో సంతకం, తేదీ వేయించుకోండి. వేయనంటే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి.